వేపచెట్టు కింది బండి

ఈ శీర్షిక కింద సాధారణంగా నేను మాటల గురించీ, సామెతల గురించీ, మా క్లాసు పిల్లల జవాబు పత్రాల్లో దొర్లే చిత్రాల గురించీ రాస్తూ ఉంటాను. ఈ వారం మాత్రం ఒక మోటారు బండి గురించి రాస్తున్నాను. తెలుగు మాస్టారికీ మోటారు బండికీ ఏమిటయ్యా సంబంధం అని మీరు అడగబోతారు. మా ఆవిడ నాలుగు నెలలపాటు రోజుకు రెండు పూటలా అడిగిన ప్రశ్న అదే.

మాది నిజాంసాగరు. మంజీరకు అడ్డంగా 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ప్రాజెక్టు ఉన్న ఊరు. ఆ నీటి చలువ వల్ల ఈ ప్రాంతానికి చెరకు వచ్చింది. చెరకు వెంట 1937లో బోధనులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, పల్లెల్లో బెల్లం గానుగలు వెలిశాయి. మా బాపు చెరకు రైతు. (మా వైపు తండ్రిని బాపు అంటాము. నేను ఎం.ఏ. తెలుగు చదివి వచ్చి మా అమ్మాయికి "నాన్నా" అని పిలవడం నేర్పాను. అది వేరే కథ.) గానుగాడించి, బెల్లం కామారెడ్డి మార్కెట్టుకు తోలడం ఆయన పని. అందుకోసం 1991లో, నాకు పదేళ్ళప్పుడు, ఒక మహీంద్రా పికప్పు కొన్నాడు. ముందు సగం అచ్చం జీపు, వెనుక సగం రేకుల తొట్టి. ముక్కు చూస్తే పోలీసు వాళ్ళది, వీపు చూస్తే ఎడ్లబండి. రంగు నీలం. ఎంత కడిగినా అందులో బెల్లం వాసన పోయేది కాదు. ఆ బండి ఎక్కి ఎక్కడికి వెళ్ళినా మా వెంట ఈగలు వచ్చేవి.

బాపు 2014లో కాలం చేశాడు. మరుసటేడు డిసెంబరులో బోధను ఫ్యాక్టరీ కూడా మూతబడింది. మా పొలంలో చెరకు పోయి వరి వచ్చింది. బండిని ఎవరో తెచ్చి పెరట్లో వేపచెట్టు కింద నిలిపారు, అది అక్కడే నిలబడిపోయింది. నేను కాలేజీకి బస్సులో పోయే మనిషిని. నాలుగు చక్రాల బండి తోలడం నాకు రాదు, నేర్చుకోవాలన్న ముచ్చటా ఎన్నడూ కలగలేదు. దానికొక కారణం ఉన్నది. కాసేపు ఆగితే చెబుతాను. పదకొండేళ్ళలో టైర్లు నేలకు అంటుకుపోయాయి, సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి, తొట్టిమీదికి మా ఆవిడ దొండపాదు పాకించింది. ఆ దొండకాయలు మాత్రం మహా రుచిగా ఉండేవి సుమండీ.

2025 మార్చి నెలాఖరులో పాత ఇనుప సామాన్ల వాడు వచ్చి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, బొటనవేలితో తన్ని, ఇరవై ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. నేను సరేననబోతున్నాను. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి పదో తరగతి పరీక్ష రాసి ఇంటికి వచ్చింది. అట్ట చేతిలో ఉండగానే మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"నాన్నా, పరీక్షలైనంక ఏం కావాలన్నా కొనిస్తనన్నవు గదా?"

"అన్నాను."

"నాకు ఫోను వద్దు, ఏం వద్దు. తాత బండి ఇయ్యి."

ఆ పిల్ల సంగతి మీకు కొంత చెప్పాలి. ఆరో తరగతిలో మిక్సీ విప్పి బిగించింది. ఎనిమిదిలో బావి మోటారు స్టార్టరు బాగుచేసి, మా పాలేరు చేత దండం పెట్టించుకుంది. పాలిటెక్నిక్‌లో చేరి మెకానికల్ చదువుతానని ఏడాదినుంచి పోరుతున్నది. నేను మాత్రం, ఈ కాలపు తండ్రులందరి మాదిరిగానే, హైదరాబాదులో ఒక పెద్ద హాస్టలు కాలేజీ చూసి పెట్టుకున్నాను. అక్కడ ఎం.పి.సి., ఆపైన ఇంజనీరింగు, ఆపైన దేవుడి దయ. గనుక ఇదే అదనని బేరం పెట్టాను. "బండి బాగు చేయిస్తాను. నువ్వు మారుమాట లేకుండా హైదరాబాదులో చేరాలి."

పిల్ల కొంచెంసేపు బండివంక చూసింది. "చేయించుడు కాదు. నేనే చేస్తా. అట్లయితే చేరుతా," అన్నది. ఇనుప సామాన్ల వాడు నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

బాన్సువాడలో ఒక పాత మెకానిక్కు ఉన్నాడు. డెబ్బై దగ్గర పడ్డాయి. ఈ బండిని కొత్తలో నుంచీ చూసినవాడు ఆయనే. మా బాపు ఆయన్ని "ఉస్తాద్" అనేవాడు కాబట్టి మేమూ అదే పిలుపు. షెడ్డు కొడుకుల చేతిలో పెట్టి ఖాళీగా ఉన్నాడు. కబురు పెడితే బస్సు దిగి, లుంగీ ఎగగట్టి, పెట్టమీద కేకలేసి, బానెట్ లేపాడు. ఆయిలు చూసే పుల్ల పైకి లాగి రెండు వేళ్ళమధ్య రుద్ది, వాసన చూశాడు. "ఆయిల్ల నీళ్ళు కలువలే సారూ. ఇంజను బతికే ఉన్నది," అన్నాడు. నీళ్ళు కలిస్తే ఆయిలు పాలు విరిగినట్టు తెల్లబడుతుందట. నాకు ఆ క్షణాన మా ఇంటి వైద్యుడు మంచం పక్కన నిలబడి మాట్లాడినట్టే అనిపించింది.

మా అమ్మాయికి ఆయన రెండే షరతులు పెట్టాడు. జాకీ మీద ఉన్న బండి కిందికి ప్రాణం పోయినా దూరగూడదు. ఇరుసు కింద కర్రదుంగలు పెట్టి, చేత్తో ఊపి చూసి, కదలకపోతేనే దూరాలి. రెండోది, విప్పిన ప్రతి బోల్టూ విప్పిన చోటు పేరుతో ఒక డబ్బాలో ఉండాలి. మా ఇంట్లోని పాలపొడి డబ్బాలు, ఊరగాయ డబ్బాలు అన్నీ పెరట్లోకి నడిచాయి. వాటిమీద చీటీలు రాసి అంటించే పని మాత్రం నాకు దక్కింది. భాషాభిమానం ఊరుకుంటుందా? క్లచ్చుకు తెలుగు చేయాలని కూర్చున్నాను. పట్టుకునేది కనుక "గ్రహణి" అని గుండ్రంగా రాసి అంటించాను. మా ఆవిడ అటువైపు వచ్చి చదివి, "గ్రహణి అంటే కడుపు జబ్బు కదండీ, మా నాయనమ్మ దానితోనే పోయింది," అన్నది. మరునాటికి ఆ చీటీ పోయి, దాని స్థానంలో పిల్ల చేతిరాతలో "క్లచ్" అని ఉన్నది. అప్పటినుంచి నేను వాళ్ళు చెప్పిందే రాశాను.

అయినా ఆ బండిలో నాకు అర్థమయ్యే వ్యాకరణం కొంత లేకపోలేదు. ఇంజను ఫ్రెంచి వాళ్ళ వరస. 1979లో మహీంద్రా వారు ప్యూజో కంపెనీతో ఒప్పందం చేసుకుని మనదేశంలో తయారుచేసిన డీజిలు ఇంజను అది. పేరు ఎక్స్.డి.పి. 4.90. ఆ అంకెల అర్థం ఏమిటో మా అమ్మాయి చెప్పింది: నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 90 మిల్లీమీటర్ల వెడల్పు. మొత్తం కలిపితే 2112 ఘన సెంటీమీటర్లు. ఆ నాలుగూ వరుసగా పేలవట. ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇదే క్రమం, మళ్ళీ ఇదే. "గురు లఘువుల లెక్కనే గదా నాన్నా," అన్నది. నిజమే, గణం తప్పితే పద్యం కుంటినట్టు, క్రమం తప్పితే ఇంజను కుంటుతుంది. పదేళ్ళు ఛందస్సు చెప్పిన నాకు ఆ పోలిక తట్టనందుకు కొంత చిన్నతనం వేసిందని ఒప్పుకుంటాను.

జీపు పుట్టుక కూడా కథలాంటిదే. 1941లో అమెరికాలో విల్లీస్ వారు యుద్ధంకోసం జీపులు తయారుచేశారు. 1945లో మహీంద్రా సోదరులు, గులాం మహమ్మదు అనే ఆయన కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ పెట్టారు. 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలైంది. అదే ఏడు దేశం రెండయింది. గులాం మహమ్మదు గారు పాకిస్తానుకు వెళ్ళి ఆ దేశానికి మొదటి ఆర్థికమంత్రి అయ్యారు, తరువాత గవర్నర్ జనరలు కూడా అయ్యారు. 1948లో కంపెనీ పేరులో మహమ్మదు స్థానంలో రెండో మహీంద్రా వచ్చి చేరింది. ఇదంతా ఉస్తాదుకు చెప్తే, "మరి చిన్న లారీల ముచ్చట చెప్పరేంది సారూ," అన్నాడు. ఆయన అన్నది మన జహీరాబాదు సంగతి. 1980 దశకంలో అక్కడ అల్విన్ నిస్సాన్ కంపెనీ జపాను వారి సాయంతో చిన్న లారీలు చేసింది. అదీ చివరకు మహీంద్రా వారి చేతికే వచ్చింది. ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి.

ఏప్రిలు నెలంతా ఇంజనుతోనే సరిపోయింది. ట్యాంకులో డీజిలు చిక్కబడి బెల్లంపాకంలా తయారయింది. దాన్ని వంచేసి, ట్యాంకులో గులకరాళ్ళూ కిరసనాయిలూ పోసి, ఇద్దరు పాలేర్లు చెరోపక్కా పట్టుకుని ఊపారు. తుప్పంతా ఎర్రగా కారింది. ఈ రకం డీజిలు ఇంజన్లకు చలిలో వెచ్చబెట్టడానికి సిలిండరుకొక హీటర్ ప్లగ్గు ఉంటుంది. ఆ నాలుగూ విప్పి, ఆ కంతల్లోంచి కొంచెం కొంచెం ఇంజనాయిలు పోసి, గుడ్డలు కుక్కి రెండు రోజులు వదిలేయమన్నాడు ఉస్తాదు. తొందరపడి తిప్పితే లోపలి రింగులు విరుగుతాయట. మూడోనాడు ముందరి పుల్లీకి పానా తగిలించి పిల్ల మెల్లగా లాగింది. కదల్లేదు. వెనక్కి నెట్టి మళ్ళీ లాగింది. కదల్లేదు. వెనక్కీ ముందుకూ, వెనక్కీ ముందుకూ, బియ్యం చెరిగినట్టు పావుగంట. ఉన్నట్టుండి చెయ్యి ఒక జానెడు కిందికి జారింది. "తిరిగింది!" అని అరిచింది. మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకు వచ్చింది, ఎవరో పడ్డారనుకుని.

డీజిలు పంపూ నాజిల్సూ నిజామాబాదులో సరిచేయించాము. దొరకని సామాన్లకు సికిందరాబాదు రాణీగంజ్ వెళ్ళాను. అక్కడి దుకాణాల్లో ఏ సామాను పేరూ పూర్తిగా చెప్పనక్కర లేదు. నా జేబులో చీటీ తీయకముందే, నా మొహం చూసి, "ఏ బండి సార్, పాత జీపా?" అన్నారు. ఖర్చు గురించి రాయవద్దని మా ఆవిడ చెప్పింది. తులం బంగారం దాటిందని మాత్రం రాయమన్నది.

ఇక ఆ కారణం సంగతి.

మే నెల. అప్పటికి పాలిసెట్ పరీక్ష రాసి వచ్చింది మా అమ్మాయి. బేరం ప్రకారం హైదరాబాదులో చేరేదే గదా, ఊరికే రాస్తానన్నది, రాయనిచ్చాను. ఆ మధ్యాహ్నం వెనుక చక్రాల బ్రేకులు విప్పుతున్నారు. కరెంటు పోయింది. ఉస్తాదు వేపచెట్టు నీడలో టైరుమీద కూర్చుని, పుచ్చకాయ ముక్క తింటూ, పిల్లతో ముచ్చట మొదలుపెట్టాడు.

"మీ తాత గమ్మతు మనిషి బిడ్డా. ఓ దినం కామారెడ్డినుంచి వస్త వస్త మా షెడ్డుకాడ ఆగిండు. ఒకటే నవ్వుడు. ఏందన్నా అంటే, 'ఉస్తాద్, ఇయ్యాల మావోడు నాకు నౌకరి ఇప్పిచ్చిండు' అన్నడు. ఏం నౌకరి అన్న. 'డ్రైవర్ నౌకరి' అన్నడు."

నా చేతిలోని పుచ్చకాయ ముక్క అలాగే ఉండిపోయింది.

1997. నేను కామారెడ్డిలో ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉన్నాను. కొత్తగా చేరిన స్నేహితులు, వాళ్ళ తెల్లచొక్కాలు, వాళ్ళ నాన్నల స్కూటర్లు. ఒక సాయంత్రం మార్కెట్టులో బెల్లం దించి, మా బాపు హాస్టలు గేటుముందు బండి ఆపాడు. పంచె నిండా బెల్లం మరకలు, తలకు తువ్వాల, చుట్టూ ఈగలు. నాకోసం అటుకులూ, ఒక బెల్లం ముద్దా తెచ్చాడు. పక్కనున్న కుర్రవాడు, "ఎవర్రా?" అని అడిగాడు. "మా డ్రైవరు," అన్నాను. బాపు పది అడుగుల దూరంలో ఉన్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. మూట నా చేతికిచ్చి, "మంచిగ సదువు," అని వెళ్ళిపోయాడు. వినలేదనే అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు అలాగే అనుకున్నాను. ఎవరితోనూ, మా ఆవిడతో కూడా చెప్పలేదు.

ఉస్తాదుకు ఈ సంగతులేవీ తెలియవు. తెలిసిన ముచ్చట తెలిసినట్టే చెప్పుకుపోతున్నాడు. "గప్పటి సంది బండి హాస్టలు కాడికి తీస్కపోలే. మూల మీద ఆపి, మూట భుజం మీద ఏస్కొని నడిచి పోయేటోడు. ఏందన్నా గిట్ల అంటే, 'డ్రైవర్ బండి కాడ ఉండాలె, బాపు లోపటికి పోవాలె. ఇద్దరు ఒక్కతాన కనవడొద్దు' అన్నడు. నవ్వుడే."

ఆ తరువాత నుంచి ఆయన నడిచి వచ్చిన మాట నిజం. సందు ఇరుకు, బండి తిరగదు కాబోలు అనుకునేవాడిని.

పిల్ల నావైపు చూసింది. "ఎందుకు డ్రైవర్ అన్నడు నాన్నా తాత?"

అబద్ధం ఆడడానికి కావలసిన తెలుగు నా దగ్గర చాలా ఉన్నది. "నేనే అన్నానమ్మా," అన్నాను. "మా బాపు అని చెప్పడానికి సిగ్గుపడి, డ్రైవరని చెప్పాను."

ఉస్తాదు తినడం ఆపాడు. నాలుక కరుచుకుని, "నాకెరుక లేదు సారూ," అన్నాడు. పిల్ల ఏమీ అనలేదు. కాసేపు కాలితో నేల రాసి, బండి కిందికి దూరి, లోపలినుంచి చెయ్యి చాపింది. "పద్నాలుగో నంబరు పానా ఇయ్యి నాన్నా." ఇచ్చాను. అది పదిహేడోది. తిరిగి ఇచ్చేసి, "పద్నాలుగు," అన్నది.

ఆ సాయంత్రం నుంచి బండి దగ్గర నేను చీటీలు రాసేవాడిగా లేను. చీపురు కుంచెతో తుప్పు గీశాను, ఎమరీ కాగితంతో రుద్దాను, రెడ్ ఆక్సైడు పూశాను, లప్పం పెట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. తలుపు దగ్గర ఒకచోట రంగు నాలుగు పొరలు లేచింది. అట్టడుగున 1991 నాటి నీలం కనిపించింది. అదే రంగు వేయాలన్నాము. వేశాము కూడా. కొత్త రంగు మీద నేను చేసిన ఘనకార్యం ఒకటి ఉన్నది. బ్రేకు ఆయిలు నింపుతూ మడ్‌గార్డు మీద ఒలకబోశాను. తుడిచాను కదా అనుకున్నాను. బ్రేకు ఆయిలుకు రంగు పడదని నాకేం తెలుసు! తెల్లారేసరికి అక్కడ రంగంతా కాలిన అప్పడంలా ఉబ్బింది. పిల్ల చూసింది, నన్ను చూసింది, మారుమాట లేకుండా ఎమరీ కాగితం నా చేతిలో పెట్టింది.

మృగశిర కార్తె ప్రవేశించిన నాడు మా ఊళ్ళో ప్రతి ఇంటా చేపల పులుసు వాసన. ఆ పొద్దున బ్యాటరీ తగిలించారు. గొట్టాల్లో గాలి ఉంటే డీజిలు ఇంజను పట్టదు గనుక, ఒక్కొక్క నట్టే వదులు చేసి, నురుగు పోయి చుక్క నిఖార్సుగా వచ్చేదాకా చేతిపంపు కొట్టింది మా అమ్మాయి. హీటరు పెట్టి మనసులో ఇరవై లెక్కపెట్టి, సెల్ఫు కొట్టింది. ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గి తెల్లటి పొగ వదిలింది. మూడోసారి పెరడంతా పొగ, కోళ్ళన్నీ గోడమీద, మధ్యలో ఆ చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. చిన్నప్పుడు రాత్రిళ్ళు మంచంలో పడుకుని, కట్టమలుపు దగ్గర అది వినబడగానే బాపు వచ్చాడని లేచి కూర్చునేవాడిని. ఇన్నేళ్ళు మరిచిపోయాను.

చప్పుడైతే వచ్చింది గాని బండి కదల్లేదు. పదకొండేళ్ళలో క్లచ్చు పలక చక్రానికి అంటుకుపోయింది. ఉస్తాదు క్లచ్చు తొక్కిపెట్టి, గేరులో వేసి, పక్కింటివాళ్ళ ట్రాక్టరుతో లాగించాడు. ఠప్పున విడిపోయింది. నా గ్రహణి వైద్యం ట్రాక్టరు చేతిలో జరిగిందని మా ఆవిడ ఈనాటికీ ఎగతాళి చేస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. బండి తయారు, తోలేదెవరు? పిల్లకు పదహారు. పద్దెనిమిది నిండనిదే రోడ్డుమీద కారు తోలరాదు. ఇది సరుకుల బండిగా రిజిస్టరయింది గనుక చట్టప్రకారం ఇరవై నిండాలి. మైనరు బిడ్డ చేతికి బండి ఇచ్చిన తండ్రికి మూడేళ్ళ జైలూ, ఇరవై ఐదు వేల జరిమానా అని 2019లో చట్టం సవరించారు. జైలు సంగతి అటుంచి, కట్టమీద ఎదురుగా లారీ వచ్చే దృశ్యం నా కళ్ళముందు ఆడింది. "మన పెరట్లోనే తోల్త నాన్నా, గేటు దాటనియ్యవా?" అన్నది. దాటనియ్యనన్నాను. ఒక రోజు అలిగింది. నేను మెత్తబడలేదు. ఈ విషయంలో ఏ తండ్రీ మెత్తబడగూడదని నా అభిప్రాయం. మా ఊళ్ళో మెత్తబడిన తండ్రులు ఉన్నారు కూడా.

గనుక లైసెన్సుకు నేనే పెట్టుకున్నాను, నలభై నాలుగో ఏట. మొదట ఎల్.ఎల్.ఆర్., ఆపైన కనీసం ముప్ఫై రోజులు ఆగి అసలు పరీక్ష. 7,500 కిలోలు దాటని సరుకుల బండికి మామూలు కారు లైసెన్సే చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చడం నా అదృష్టం. నాకు నేర్పింది ఉస్తాదు. పక్కన కూర్చున్నది పిల్ల కాదు, మా ఆవిడ. "మెల్లగా" అనే ఒక్క మాటను ఎన్ని స్వరాలతో పలకవచ్చునో ఆవిడ వద్ద నేర్చుకున్నాను. కాగితాలు చూడబోతే ఇంకా బాపు పేరుమీదనే ఉన్నాయి. యజమాని పోయిన మూడు నెలల్లో వారసులు ఫారం 31 పెట్టుకోవాలట. పదకొండేళ్ళ ఆలస్యానికి జరిమానా కట్టి, కామారెడ్డిలో ఫిట్‌నెస్ చేయించుకున్నాము. ఎనిమిదేళ్ళు దాటిన సరుకుల బండికి ఏటేటా చేయించాల్సిందే. ఆ రోజు ఉస్తాదే తోలాడు. బ్రేకుల పరీక్షలో బండి నెగ్గినప్పుడు, బ్రేకులు పట్టిన పిల్ల గేటు బయట నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నది.

ఆ మధ్యలో పాలిసెట్ ర్యాంకు వచ్చింది. మంచి ర్యాంకే. కౌన్సెలింగు తేదీ దగ్గర పడింది. పిల్ల ఆ ఊసే ఎత్తలేదు. హైదరాబాదు హాస్టలుకు కావలసిన బకెట్టూ మగ్గూ జాబితా రాసి, తలుపుకు అంటించింది. మాట ఇచ్చింది గదా మరి. రోజూ ఆ జాబితా చూస్తూ కాలేజీకి వెళ్ళి వస్తున్నాను. జూలై 11న, అంటే ఈ ప్రాజెక్టు కట్టించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ గారి జయంతి నాడు, తెలంగాణలో ఇంజనీర్ల దినం జరుపుతారు. మా కాలేజీలో ఆ సందర్భంగా నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడి ఇంటికి వచ్చాను. కంప్యూటరు ముందు కూర్చుని, "నిజామాబాదు పాలిటెక్నిక్, మెకానికల్. ఇదే గదా నీకు కావలసింది?" అన్నాను.

"మరి బేరం?" అన్నది.

"బేరంలో ఒక మాట నేను తప్పాను. బండి బాగుచేయిస్తానన్నాను, చేయించలేదు. నువ్వే చేసుకున్నావు. ఇక నువ్వెందుకు కట్టుబడాలి?"

తర్కం అంత గట్టిది కాదు. పిల్ల దాన్ని పరీక్షించలేదు.

ఆగస్టు చివర కురిసిన వానలకు కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు రోడ్లు తెగిపోయి, నా లైసెన్సు పరీక్ష వెనక్కి పోయింది. సెప్టెంబరులో నెగ్గాను. మొదటి ఆదివారం పొద్దున్నే, అటుకులూ, మినప సున్నుండలూ మూటగట్టి, ఒక్కడినే బండి తోలుకుంటూ నిజామాబాదు బయలుదేరాను. గంటకు ముప్ఫై కిలోమీటర్లు దాటలేదు. వెనుకనుంచి అందరూ హారను కొట్టారు. నేను ఎవరినీ తప్పు పట్టను.

హాస్టలు సందు మొదట్లో ఒక మూల ఉన్నది. బండి అక్కడ ఆపుదామా అనుకున్నాను. ఆపలేదు. గేటుదాకా తోలుకుపోయాను. వాచ్‌మను వచ్చి, "డ్రైవరూ, సామాన్ల బండి లోపలికి రాదు, ఎవరికోసం?" అన్నాడు. ఫలానా అమ్మాయి కోసమని చెప్పి, అక్కడే పక్కగా నిలిపాను.

పిల్ల నలుగురు స్నేహితురాళ్ళతో బయటికి వచ్చింది. మూట అందుకోలేదు. నేరుగా బానెట్ దగ్గరికి పోయి చెవి ఆనించింది.

"నాన్నా, ఇంజను బంద్ చెయ్యకు. టాపెట్లు చప్పుడు చేస్తున్నయి, వినబడ్తలేదా? పానాల సంచి తెచ్చినవా?"

సీటు కిందినుంచి సంచి తీసి ఇచ్చాను. స్నేహితురాళ్ళలో ఒకమ్మాయి బానెట్ ఎత్తి పట్టుకుంది.